సర్కారు గొంతు

మా ఇంటి కింది గదిని ఈ మధ్యే ఒక సెలూన్‌కు అద్దెకిచ్చారు. తిరుపతిలో జుట్టు తీసేవాళ్లకు ఎప్పుడూ కొదవ లేదు కాబట్టి అందులో వింతేమీ లేదు. పొద్దున్నే నేను కాఫీ గ్లాసు పట్టుకుని వరండాలో నిలబడే వేళకు కింద మొదటి గిరాకీ వచ్చి కూర్చుంటాడు. ట్రిమ్మర్ మోగుతుంది. హెచ్చూ తగ్గూ లేకుండా, ఒకే తీరుగా, జుయ్యిమంటూ సాగే శబ్దం అది. వినగానే నా మెడ వెనక వెంట్రుకలు లేచి నిలబడతాయి. భయమా అంటే పూర్తిగా భయం కాదు. వెనక్కి తిరిగితే ఒకాయన కనిపిస్తారనీ, ఆయన మెడకు చుట్టుకున్న నీలిగళ్ల తువ్వాలు ఊపిరికి పైకీ కిందికీ కదులుతూ ఉంటుందనీ అనిపిస్తుంది. తిరిగి చూస్తాను. బట్టలారేసే తీగ, నీళ్ల ట్యాంకు, అంతే. మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ. తను మునిరత్నం సార్‌ని చూడలేదు. చూసి ఉంటే తనూ వెనక్కి తిరిగేవాడు.

నేను చిత్తూరులో పెరిగాను. తిరుపతిలో సోషల్ వర్క్ చదివి, ఇక్కడే ఒక ప్రభుత్వాసుపత్రిలో కాంట్రాక్టు మీద కౌన్సెలర్‌గా చేరాను. పాత బ్లాకులో, ఎక్స్‌రే గది దాటాక, వరండా చివర పొగ మాన్పించే కేంద్రం. కేంద్రం అంటే ఒక గది. ఒక బల్ల, కొన్ని కుర్చీలు, గోడ నిండా నల్లబడ్డ ఊపిరితిత్తుల బొమ్మలు. ప్రభుత్వం డబ్బు విడుదల చేస్తే నడుస్తుంది, చేయకపోతే తాళం పడుతుంది. నేను చేరిన రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. కిటికీకి అడ్డంగా పెరిగిన వేపచెట్టు వల్ల ఆ గదిలో పట్టపగలే మసక. గుమ్మానికి వీపు పెట్టి ఆ బొమ్మలు చూస్తున్నాను. అడుగుల చప్పుడేమీ వినపడలేదు.

"కూసో పాపా" అంది వెనక నుంచి ఒక గొంతు.

దాన్ని గొంతు అనవచ్చో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. అది మగ గొంతూ కాదు, ఆడ గొంతూ కాదు. అందులో వయసు లేదు, కోపం లేదు, ప్రేమ లేదు. ఇనుప డబ్బాలో తుమ్మెదను మూసిపెడితే వచ్చే రొద లాంటిది, కానీ అందులో స్పష్టంగా తెలుగు మాటలున్నాయి. నేను కెవ్వుమన్నాను. సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఆ ఆసుపత్రిలో ఆయన్ని మొదటిసారి విని అరవనివాళ్లు తక్కువ. గుమ్మంలో సన్నగా, పొడుగ్గా ఒక పెద్దాయన నిలబడి ఉన్నారు. మెడకు తువ్వాలు, చేతిలో చిన్న టార్చిలైటు లాంటి మిషను. నా అరుపుకు ఆయన భుజాలు ఎగిరెగిరి పడ్డాయి, నోరు తెరుచుకుంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. శబ్దం మాత్రం లేదు. అది నవ్వని తెలియడానికి నాకు కాసేపు పట్టింది.

మునిరత్నం సార్ సత్యవేడు దగ్గరి పల్లెటూరి మనిషి. చాలా ఏళ్లు తిరుపతి నుంచి పుత్తూరు, నారాయణవనం, నాగలాపురం మీదుగా సత్యవేడు వెళ్లే ప్రభుత్వ బస్సులో కండక్టరుగా పనిచేశారు. ఆయన బస్టాండులో ఊళ్ల పేర్లు అరిస్తే అవతలి ప్లాట్‌ఫారం మీద నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి కూర్చునేవారట. బీడీల వల్ల గొంతులో కేన్సర్ వచ్చింది. స్వరపేటికను తీసేశారు. మెడ మీద ఊపిరికి ఒక రంధ్రం మిగిలింది. మిషనును గవదకింద ఆనించి మీట నొక్కితే అది మోగుతుంది, పెదాలూ నాలుకా ఆడిస్తే ఆ మోత మాటలవుతుంది. "ఇది శబ్దం మటుకే ఇస్తాది పాపా. మాట మనమే పలకాల" అన్నారు ఆ రోజే. తర్వాత మిషను వైపు చూసి ఇంకో మాట కలిపారు. "నాది సర్కారు గొంతు. కండక్టరుగా ఉన్నబ్బుడు సర్కారు కోసం అరిసినా. ఇబ్బుడు సర్కారే కొనిచ్చిన దాంతో మాట్లాడతా ఉండా." కేంద్రానికి వచ్చేవాళ్లతో మాట్లాడటానికి ఆయనకు ఏదో కాస్త గౌరవ వేతనం ఇచ్చేవారు. హోదా ప్రకారం నేను కౌన్సెలర్‌ని, ఆయన నాకు సహాయకుడు. పని ఎవరు ఎవరికి నేర్పారన్నది ఆ గదికి తెలుసు.

మొదటి వారంలోనే నాచేత ఆ బొమ్మలన్నీ గోడకు తిప్పి పెట్టించారు. "వాటిని సూసి భయపడినోడు ఏం జేస్తాడు? బయటికి పొయ్యి ఇంకోటి ముట్టించుకుంటాడు. భయమైతే వానికి బీడీనే గదా దిక్కు" అన్నారు. నేను కాలేజీలో రాసుకున్న నోట్సులో ఎక్కడా ఆ సంగతి లేదు. బీడీ కోసం నోరు పీకినప్పుడు ఏం చేయాలని అడిగేవాళ్లకు ఆయన తన బస్సు రూటు చెప్పేవారు. "అది టికెట్టు లేని ప్యాసింజరప్పా. పుత్తూరులో ఎక్కతాది, నారాయణవనం రాకముందే దిగిపోతాది. అందాక నువ్వు సీట్లోంచి లెయ్యకుండా కూసో, సాలు." కూలీలు, ఆటోవాళ్లు, లాడ్జి గుమాస్తాలు ఆ మాట విని నవ్వేవారు. తర్వాత వాళ్ల పెదాలు కదలడం గమనించాను. వరండాలో తమ వంతు కోసం కూర్చున్నచోట, ఎవరికీ వినపడకుండా, ఊళ్ల పేర్లు చెప్పుకునేవారు. మధ్యాహ్నం పూట ఆ వరండాలో అంతమంది మగవాళ్లు చప్పుడు లేకుండా పెదాలు ఆడిస్తూ కూర్చుంటే, కొత్తగా వచ్చిన నర్సులు ఆ దారి మానుకుని చుట్టూ తిరిగి పోయేవారు.

ఆయన దగ్గర లేనిది ఇంకొకటి ఉంది. వాసన. ఊపిరి ముక్కులోంచి పోదు కాబట్టి ఏ వాసనా తెలియదు. వేడి కాఫీని ఊదుకోవడం కూడా చేతకాదు, రెండు గ్లాసుల్లో తిరగబోసుకునేవారు. మా అమ్మ పక్కింటి తిరగమోతలో ఏం తక్కువైందో మా వంటింట్లోంచి చెప్పే మనిషి. ఆ ముక్కు నాకూ వచ్చింది. "అట్లయితే నువ్వే నా ముక్కు" అన్నారు సార్. ఎదుటివాళ్లు మానేశామని చెబుతున్నప్పుడు అబద్ధమైతే నేను ముక్కు కొసను తాకాలి. అంతే మా ఏర్పాటు. నేను తాకగానే ఆ ఇనుప గొంతు నెమ్మదిగా "పొద్దున ఎన్ని అయినాయబ్బా?" అనేది. ఎదుటి మనిషి ముఖం పాలిపోయేది. ముక్కులేని మనిషి వాసన పట్టాడంటే దాన్ని వాళ్లు ఎలా అర్థం చేసుకున్నారో మరి, ఊళ్లో ఆయనకు 'మిషను సారు' అని పేరు పడింది, అందులో కొంచెం దయ్యం అన్న అర్థం కూడా ఉంది. ఆయన ఫోన్ చేస్తే కంప్యూటర్ మాట్లాడుతోందనుకుని కొందరు పెట్టేసేవారు. మరికొందరి భార్యలు మాత్రం కావాలని స్పీకరు పెట్టి ఫోన్‌ను వంటింటి గూట్లో ఉంచేవారట, ఇంటాయనకు వినపడేలా.

కానీ ఆయన అసలు పనిముట్టు ఒక ప్రశ్న. అది చెప్పేముందు మా వైపు ఆచారం ఒకటి చెప్పాలి. మనిషి పోయిన మూడో దినం పూడ్చిన చోటికి వెళ్లి పాలు పోస్తారు. అరిటాకు పరిచి పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ అందులో పెడతారు. వడ, కోడికూర, కాఫీ, ఏదైతే అది. బీడీ తాగే మనిషైతే బీడీ కూడా పెడతారు. ఊరికే పెట్టరు, ముట్టించి పెడతారు. తర్వాత అందరూ దూరంగా జరిగి కాకి కోసం ఎదురుచూస్తారు. కాకి వచ్చి ఆకును ముట్టుకుంటే పోయినవాళ్లు తృప్తిపడినట్టు. ముట్టకపోతే ఏదో కొరత ఉన్నట్టు. మునిరత్నం సార్ కొత్తగా వచ్చిన ప్రతి మనిషినీ అడిగేది ఇదే. "నువ్వు పోతే నీ ఆకులో ఏం పెడతారు?" జవాబు కోసం ఎవరూ వెతుక్కునేవారు కాదు. బీడీ అనో, సిగరెట్టు అనో నవ్వుతూ చెప్పేవారు. అప్పుడు రెండో ప్రశ్న వచ్చేది. "దాన్ని ముట్టించేది ఎవురు?" మనుషులు అక్కడ ఆగిపోయేవారు. కొందరు లేచి వెళ్లిపోయేవారు, మళ్లీ వచ్చేవారు. ఆ రెండో ప్రశ్నలో అంత బరువు ఎందుకుందో నాకు చాలాకాలం తెలియలేదు.

ఒకసారి పైనుంచి ఒక అధికారి వచ్చారు. కేంద్రానికి డబ్బు కొనసాగించాలా వద్దా తేల్చడానికి. మర్యాదస్తుడే. నోట్లో యాలక్కాయ నములుతూ, గది చుట్టూ చూసి, నిజంగా బాధపడుతూనే అన్నారు. "బిల్డింగ్ కట్టామంటే చూపించవచ్చు. స్కానర్ కొన్నామంటే చూపించవచ్చు. బీడీ మానేసినవాళ్లని ఎలా చూపించమంటారమ్మా? పైగా ఈయన గొంతు వింటే జనం జడుసుకుంటున్నారట." ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. మానేసినవాడికి శిలాఫలకం ఉండదు, రిబ్బను కత్తిరించడానికి వాడి దగ్గర ఏమీ ఉండదు, పొద్దున లేచి మామూలుగా పనికి పోతాడు, అదే కదా మేం చేసిన పని అని గట్టిగా అందామనుకున్నాను. ఈలోగా మిషను మోగింది.

"సార్, తప్పుగా అనుకోకండ. మీరు పోతే మీ ఆకులో ఏం పెడతారు?"

అధికారి వెంట వచ్చిన గుమాస్తా తల పట్టుకున్నాడు. అధికారి నవ్వేశారు. "మైసూరుపాకు పెడతారేమోనయ్యా" అన్నారు. నా చెయ్యి దానంతట అదే ముక్కు కొస మీదికి పోయింది.

"యాలక్కాయ కింద ఇంకోటుండాది సార్. దాన్ని ముట్టించేది ఎవురు?"

వేపచెట్టు మీద ఉడత అరుస్తోంది. అధికారి ముఖంలోంచి నవ్వు నెమ్మదిగా పోయింది. "నాకు కూతురొక్కతే" అన్నారు చివరికి, మమ్మల్ని కాదు, కిటికీని చూస్తూ. ఆ సంవత్సరం డబ్బు ఆలస్యంగానే అయినా వచ్చింది. ఆ ప్రశ్న వల్లే వచ్చిందని నేను అనను. ఆ తర్వాత అప్పుడప్పుడు, ఆఫీసుల్లో టీ వేళకు, కేంద్రం ఫోన్ మోగేది. సార్ మిషను ఆనించి ఊళ్ల పేర్లు వరసగా చెప్పేవారు. అవతల మాట ఉండేది కాదు, ఊపిరి మాత్రం వినపడేది. సత్యవేడు దాకా చెప్పాక ఫోన్ పెట్టేసిన చప్పుడు వచ్చేది.

సార్‌కు ఒక్కడే కొడుకు, హరి. తల్లి లేదు. కొండ కింద ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో పనిచేసేవాడు. రోజూ పొద్దున తండ్రిని బండి మీద తెచ్చి దింపేవాడు. ఇస్త్రీ చొక్కా, నీటుగా దువ్విన తల, నన్ను 'అక్కా' అని పిలిచే మంచి పిల్లాడు. ఒక కార్తీకమాసంలో సార్ తువ్వాలు బండి మీదే మరిచిపోతే తీసుకుందామని పరిగెత్తాను. హరి దగ్గరికి వెళ్లేసరికి మామిడిపండు వాసన గుప్పుమంది. మా చిత్తూరు జిల్లాలో పుట్టిన మనిషికి మామిడి వాసన గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. కార్తీకంలో మామిడి ఉండదు. ఆ వాసనలో పండు లేదు, చెట్టు లేదు, ఎండ లేదు. అలాంటి వాసనే మా గదికి వచ్చే కాలేజీ పిల్లల దగ్గర ఉండేది, నిషేధం ఉన్నా దొంగచాటుగా దొరికే పొగ పెన్నులది, అంటే ఈ-సిగరెట్లది. తండ్రి వాడి వెనకే కూర్చుని వచ్చారు. ఆయనకు తెలిసే దారే లేదు.

నేను ఆయన ముక్కుని. దాచడం నాకు చేతకాలేదు. గదిలోకి వెళ్లగానే చెప్పేశాను. సార్ మిషనును బల్ల మీద పెట్టారు. చాలాసేపు ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. నా వైపు చూడటం లేదు. ఎవరితోనో వాదిస్తున్నట్టు, ఎవరినో బతిమాలుతున్నట్టు ఆ ముఖం మారుతోంది, ఒక్క మాటా బయటికి రావడం లేదు. చివరికి మిషను తీసుకుని ఆనించారు.

"మా నాయన సచ్చిపోయినబ్బుడు నేను చిన్నోన్ని. మూడో దినం ఆకేసినారు. కాకి రాలా. బీడీ పెట్టలేదు, అందుకే రాలా అన్నారు. నా చేతికిచ్చి ముట్టించమన్నారు. బీడీ ముట్టించాలంటే ఒక దమ్ము లాగల్ల గదా పాపా. సచ్చినోడు లాగడు గదా."

నేను కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకున్నాను.

"అందరూ ఏడస్తాండారు. ఆ పొగ లోపలికి పొయ్యినబ్బుడు మటుకు మా నాయన నా రొమ్ములోకి వచ్చి కూసున్నట్లాయ. కాకి గూడా వచ్చె. అబ్బుట్నించీ ఎబ్బుడు బీడీ ముట్టించినా నాయన్ని పిలిసినట్లే నాకు. పిలిస్తే వచ్చేవోడు. గొంతు కోసినాకనే నన్ను ఇడిసిపెట్టి పాయె."

బీడీ తాగి ఆయన గొంతు పోగొట్టుకోవడం మాట అలా ఉంచితే, ఒక ఆచారం చెయ్యి పట్టుకుని తరం తరువాత తరాన్ని నడిపించుకుపోవడం ఆ పూట నాకు కళ్లకు కట్టింది. రెండో ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. "నా ఆకులో ఏదీ ముట్టించగూడదు. హరి చేత్తో అసలే గూడదు. వానికి నువ్వు జెప్పాల" అన్నారు. మీరే చెప్పవచ్చు కదా సార్ అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "ఈ మిషను మాట్లాడేటబ్బుడు వాడు నా మొగం సూడడు పాపా. వాళ్ల నాయన యాడికో పొయ్యినాడు, ఈడుండేది ఇంకేదో అనుకుంటాడు."

మర్నాడు హరిని పక్కకు పిలిచి చెప్పాను. వాడు సిగ్గుపడలేదు, కోప్పడలేదు, తేలిగ్గా నవ్వాడు. "ఇది పొగ గాదక్కా, ఆవిరి. దీంతో ఏం గాదు." ఆకులో ఏదీ ముట్టించవద్దని వాళ్ల నాన్న చెప్పమన్న మాట కూడా చెప్పాను. నవ్వు ఆపాడు. "ఇబ్బుడెందుకక్కా ఆ మాటలు" అని బండి స్టార్ట్ చేశాడు. నేను గమనించడం మొదలుపెట్టాక తెలిసింది, సార్ చెప్పింది అక్షరాలా నిజం. మిషను మోగగానే హరి కళ్లు నేల మీదికో, ఫోన్ మీదికో, బండి అద్దంలోకో పోయేవి. తండ్రి ఏం చెప్పినా ఊ కొట్టేవాడు, చెప్పిన పని చేసేవాడు. ముఖం మాత్రం చూసేవాడు కాదు.

జబ్బు తిరగబెట్టింది. ఈసారి డాక్టర్లు ఎక్కువ మాట్లాడలేదు. చివరి రోజుల్లో మిషను పట్టుకునే సత్తువ లేక ఆయన పెదాలు మాత్రమే ఆడించేవారు. నేను చూడటానికి వెళ్లినప్పుడు నా చూపుడువేలు పట్టుకుని తన ముక్కుకు తాకించారు, తర్వాత గుమ్మం దగ్గర నిలబడ్డ హరి వైపు చూపించారు. సరే సార్ అన్నాను. ఆ ఒక్క 'సరే' నా జీవితంలో నేను ఇచ్చిన అన్ని మాటల కంటే ఎక్కువ భయపెట్టింది.

సార్ పోయిన మూడో దినం పొద్దెక్కాక సత్యవేడు దాటి వాళ్ల ఊరికి వెళ్లాను. ఊరవతల రేగడి చేలో పూడ్చారు. గాలి అసలు లేదు, చెరకు ఆకు కూడా కదలడం లేదు. పాలు పోశారు. ఆకు పరిచారు. వడలు, కోడికూర, కాఫీ గ్లాసు, కండక్టరు విజిలు. అన్నిటి పక్కన హరి ఆ మిషనును తెచ్చి పెట్టాడు. అందరం దూరంగా జరిగి నిలబడ్డాం. చుట్టూ ఉన్న తాటిచెట్ల మీద కాకులున్నాయి. ఒక్కటీ అరవలేదు, ఒక్కటీ దిగలేదు. ఎండ నెత్తికెక్కుతోంది. ఆడవాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు. కోడికూర మీద ఈగ కూడా వాలలేదని ఎవరో అన్నారు. నేను చూశాను, నిజంగానే వాలలేదు.

అప్పుడు సార్ అన్నయ్య చెంగల్రాయుడు జేబులోంచి బీడీ కట్ట తీశాడు. ముసలాయన కళ్లు ఏడ్చి ఏడ్చి ఎర్రబడి ఉన్నాయి. "ఇది లేకుండా వాడెట్ల వస్తాడు? బతికినన్నాళ్లూ నోట్లో ఇదే గదా. రేయ్ హరీ, ముట్టించి పెట్రా మీ నాయనకు" అన్నాడు.

"వద్దు పెదనాయనా, సార్ వద్దన్నారు. హరి చేత ముట్టించవద్దని నాతో చెప్పారు" అన్నాను. నా గొంతు నాకే పీలగా వినపడింది.

"నా తమ్ముని సంగతి నీకంటే నాకు దెలీదామ్మా? ఆకలితో ఉండాడు వాడు. సూడు, ఒక్క కాకి దిగల్యా" అన్నాడు ఆయన. అందులో నా మీద కోపం లేదు. తమ్ముడు ఎక్కడో దాహంతో తిరుగుతున్నాడన్న దుఃఖం తప్ప ఏమీ లేదు.

హరి బీడీ అందుకున్నాడు. నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. బీడీ పెదాల మధ్య పెట్టుకుని అగ్గిపుల్ల గీశాడు. అందరి కళ్లూ ఆ మంట మీదే ఉన్నాయి. అందుకే అది ఎలా జరిగిందో మాలో ఒక్కరూ చూడలేదు.

మిషను మోగింది.

హెచ్చూ తగ్గూ లేకుండా, ఒకే తీరుగా, మాటల్లేని ఆ మోత చేనంతా నిండింది. ఒకామె కూలబడిపోయింది. నేను తిరిగి చూసేసరికి ఆకు అంచు మీద ఒక కాకి నిలబడి ఉంది. అది ఎప్పుడు దిగిందో తెలియదు. దాని కాలు మీట మీద పడిందని తర్వాత కొందరన్నారు, ముక్కుతో పొడిచిందని ఇంకొందరన్నారు. నేను చూసినప్పుడు దాని కాలు గానీ ముక్కు గానీ మిషను దరిదాపుల్లో లేవు. అంత మోతకు అది బెదరలేదు కూడా. తల ఒకవైపు వంచి హరినే చూస్తోంది. మిషను వైపు తిరిగిన హరి, పుల్ల మండి చేతివేళ్లకు తగిలేదాకా కదల్లేదు. తర్వాత పుల్ల కింద పడింది. బీడీని పెదాల నుంచి తీశాడు, మోత ఆగింది. కాకి వడ ముక్క నోట కరుచుకుని ఎగిరిపోయింది.

చెంగల్రాయుడు హరి చేతిలోంచి బీడీ తీసుకుని, కట్టలో కలిపి, ఆ కట్టను చెరకు తోటలోకి విసిరేశాడు. "సరే లేరా. ఒద్దంటాండాడు" అన్నాడు.

కొన్ని వారాల తర్వాత హరి కేంద్రానికి వచ్చాడు. మిషనును నా బల్ల మీద పెట్టాడు. "ఇది సర్కారుది గదక్కా, ఇంకెవురికన్నా పనికొస్తాది" అన్నాడు. దాని పక్కన ఒక సన్నటి రంగు పెన్ను కూడా పెట్టాడు. మామిడి వాసన వచ్చింది. తండ్రి కుర్చీ ఖాళీగా ఉంటే అందులో కూర్చోకుండా, దాని వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ పొద్దు నీకేమన్నా మాట ఇనిపించిందా అక్కా?"

"శబ్దమే వినిపించింది హరీ."

"నాకూ అంతే" అన్నాడు. కాసేపటికి ముఖం చేతుల్లో దాచుకున్నాడు. "అది మాట్లాడేటబ్బుడు ఒక్కనాడూ నేను నాయన మొగం సూడలేదక్కా. ఆ పొద్దు సూద్దామని తిరిగితే, మొగం లేదు."

నేనూ ఏడ్చాను. ఏడవకుండా ఎలా ఉంటాను?

ఇప్పటికీ నేను ఆ గదిలోనే ఉన్నాను. డబ్బు వచ్చిన సంవత్సరం రెండు కుర్చీలు ఎక్కువ వేస్తాం, రాని సంవత్సరం తాళం పడకుండా ఎవరెవరినో బతిమాలతాం. మనుషులు మనకు వదిలి వెళ్లేవి ఫోటోల్లో ఉండవని నాకు అక్కడే తెలిసింది. నా చెయ్యి ముక్కు మీదికి పోతుంది, ఆయన పంపినట్టే పోతుంది. బస్సులో కూర్చున్నా పుత్తూరు దాటగానే నా పెదాలు కదులుతాయి. నా ఆకులో ఏం పెడతారని మా ఆయన్ని అడిగితే కాఫీ అన్నాడు. ముట్టించాల్సిందేమీ లేదు కదా అని ఒకటికి రెండుసార్లు అడిగాను. ఆ రోజు మాత్రం నవ్వలేదు.

పోయిన నెలలో, కింద సెలూన్ పెట్టిన రోజుల్లోనే, ఆ మిషను ఇంకొకరి చేతికి వెళ్లింది. పాకాల వైపు నుంచి వచ్చిన రాజమ్మ అనే ఆమెకు కూడా అదే ఆపరేషన్ అయింది. మాట వచ్చాక, సార్ కుర్చీలో కూర్చుని వచ్చేవాళ్లతో మాట్లాడటానికి ఒప్పుకుంది. ఆ గొంతు ఎవరి మెడకు ఆనించినా ఒక్కలాగే మోగుతుందని నాకు తెలుసు. తెలిసినా, ఆమె వచ్చిన మొదటి రోజు మధ్యాహ్నం నేను కిటికీ దగ్గర నిలబడి ఉండగా వెనక నుంచి "కూసో పాపా" అని వినపడేసరికి కిటికీ చువ్వ పట్టుకున్నాను. ఆ మాట ఆమెకు నేను నేర్పలేదు. ఈసారి అరవలేదు. తిరిగి చూడకుండానే కూర్చున్నాను.

అప్పుడే మొదటి మనిషి లోపలికి వచ్చాడు. మానేసి చాలా రోజులైందన్నాడు. నేను ముక్కు కొస తాకాను. రాజమ్మ మిషనును గవదకింద ఆనించింది. "నువ్వు పోతే నీ ఆకులో ఏం పెడతారు నాయనా?" సెలవు రోజుల్లో మాకు సాయానికి వచ్చే హరి, చేతిలో టీ గ్లాసులతో గుమ్మంలో ఆగిపోయాడు. నేల వైపు చూడలేదు, ఫోన్ వైపు చూడలేదు. ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా ఆమె ముఖమే చూస్తూ నిలబడ్డాడు.